మిగిలిన చంద్రిక

తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చిన దగ్గర్నుంచి అలివేలమ్మ ఒక్కటే మాట అంటూ ఉండేది. "నన్ను ఒంటిగా ఇడిసిపెట్టి పోవద్దండి."

ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని, ఇక చేయగలిగింది పెద్దగా లేదని డాక్టరు ఆమె కొడుకు మునికుమార్‌ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. ముసలామెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలిసింది. కోడలు మోహన మంచం పక్కన కూర్చుంటే గోళ్లు దిగేలా చెయ్యి పట్టుకునేది. మోహన పిరికిది కాదు. పలమనేరు దగ్గర వాళ్ల ఊళ్లో మల్బరీ తోటలో పాము కనబడితే, అది దాటిపోయేదాకా నిలబడి చూసి మళ్లీ ఆకు కోసుకునే మనిషి. అలాంటిదానికి అత్త కళ్లలోకి చూడాలంటే భయం వేసింది. ఆ కళ్లు ఎటో జారిపోతూ, ఆసరా కోసం తన కళ్లను పట్టుకుని వేలాడుతున్నట్టు ఉండేవి.

ఒక సాయంత్రం ముసలామె ఊపిరి అందక మంచం మీద కొట్టుకుంది. మూతికి పెట్టిన మాస్కు పీకేసింది. మునికుమార్ నర్సు కోసం పరిగెత్తాడు. మోహన ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి గోడకు ఆనుకుపోయింది. తాను వెనక్కి పోతున్నానని కూడా ఆమెకు తెలియలేదు.

పక్క మంచం దగ్గర ఒకామె తన తల్లికి అన్నం తినిపిస్తోంది. తెల్ల నూలుచీర. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఆమె గిన్నె కిందపెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి అలివేలమ్మ మంచం అంచున కూర్చుంది. ముసలామె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అవ్వా, నేనీడనే ఉండా. బయమేస్తా ఉండాది గదా? ఏయనీలే. నేను గూడా నీతోపాటే ఊపిరి తీస్తా. ఇద్దురం కలిసి తీద్దాం."

భయపడొద్దని ఆమె అనలేదు. దేవుణ్ణి తలుచుకోమనీ అనలేదు. ముసలామె ఎంత వేగంగా ఊపిరి తీస్తే తానూ అంతే వేగంగా తీసింది. తర్వాత తన ఊపిరిని కొద్ది కొద్దిగా నిదానం చేసుకుంటూ వచ్చింది. నర్సు వచ్చి మాస్కు సరిచేసేసరికి అలివేలమ్మ గింజుకోవడం మానేసి ఆమె మొహాన్నే చూస్తోంది. కాసేపటికి ముసలామె ఊపిరి కూడా ఆమె ఊపిరి వెనకాలే నడిచింది, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే మనిషిలాగా.

వార్డులో దీపాలు వెలిగే వేళకు అలివేలమ్మ పోయింది. ఎప్పుడు పోయిందో పక్కనే నిలబడి చూస్తున్న కొడుకూ కోడలూ కనిపెట్టలేకపోయారు. నెత్తిమీద మూట దించుకుని కూర్చున్న మనిషి మొహంలా ఉంది ఆమె మొహం. ఆ తెల్లచీర మనిషి చిన్న గొంతుతో, వాళ్లకు తెలియని భాషలో రెండు మూడు మాటలు పలికింది. తడిగుడ్డతో ముసలామె మొహం తుడిచింది. మునికుమార్ భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, తన తల్లి మంచం దగ్గరికి పోయి, ఇందాక వదిలేసిన గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

మోహనను నిలువునా కదిలించింది అదే. ఒక చావు పక్కన కూర్చుని లేచి, అదే చేత్తో తల్లికి పెరుగన్నం కలుపుతోంది. ఆ చెయ్యి వణకలేదు. ఆ మొహంలో గొప్ప చేశానన్న జాడ లేదు.

"ఎవురమ్మా నువ్వు?" అని అడిగింది మోహన, ఏడుపు మధ్యలో.

"నా పేరు రాజశ్రీ. రేణిగుంటలో ఉంటాం. బౌద్ధులం."

* * *

కర్మంతరాలు అయిపోయాయి. పట్టుపురుగుల పనిలో పడ్డారు. వాళ్లకు ఎకరన్నర మల్బరీ తోట, దాని పక్కనే రేకుల షెడ్డు. పిల్లలిద్దరూ చిత్తూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. ఆ చదువులూ ఆ ఇల్లూ అన్నీ పట్టుపురుగులు పెట్టినవే. ఆకు కోయడం, తట్టలకెత్తడం, పరవడం, మళ్లీ కోయడం. చెయ్యి ఖాళీ ఉండదు. కానీ మనసు మాత్రం ఆ వార్డు దగ్గరే ఆగిపోయింది. ఆ మనిషికి అంత నిబ్బరం ఎక్కడిది? అది నేర్చుకుంటే వచ్చేదా, పుట్టుకతో వచ్చేదా?

చివరికి ఒకరోజు మొగుడితో అంది, "మావా, ఆయమ్మకి మనం దండమన్నా పెట్టలేదు. ఒకసారి పోయొస్తా."

"పోయి రా. మా అమ్మకి కొడుకుని నేను జెయ్యలేంది ఆయమ్మ జేసింది," అన్నాడు మునికుమార్.

రేణిగుంటలో గోడౌన్ల వెనక సందులో రాజశ్రీ ఇల్లు వెతికి పట్టుకుంది. రాజశ్రీ ఆమెకు టీ ఇచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ విహారానికి తీసుకెళ్లింది. విహారమంటే పెద్దదేమో అనుకుంది మోహన. సిమెంటు రేకుల హాలు. ఒక గోడకు అంబేడ్కర్ పటం. ఎదురుగా మనిషెత్తు సిమెంటు బుద్ధుడు, తెల్లరంగు వేసి ఉంది, ఒక చెవి కాస్త విరిగింది. కింద చాపలు. బయట లారీలు వెనక్కి తిప్పుకునే చప్పుడు.

అక్కడి భంతే డెబ్బై ఏళ్ల మనిషి. భంతే అంటే భిక్షువును పిలిచే పిలుపని రాజశ్రీ చెప్పింది. భిక్షువు కాకముందు ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేశాడట. మోహన తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది. ఊరు ఎక్కడని అడిగాడు గానీ, ఊళ్లో ఏ వైపు ఉంటారని అడగలేదు. కొత్తవాళ్లు ఎవరైనా కులం తెలుసుకోవడానికి మూడో మాటగా అడిగే ఆ ప్రశ్న కోసం జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్న మోహనకు, అది రాకపోయేసరికి చేతిలో బరువు తీసేసినట్టయింది.

"ఊపిరిని చూస్తా కూర్చోమ్మా. వచ్చేది చూడు, పోయేది చూడు. అంతే," అన్నాడాయన.

మోహన కూర్చుంది. ఊపిరి కనబడలేదు. పురుగులు కనబడ్డాయి. మావ మధ్యాహ్నం ఆకు వేసుంటాడా? షెడ్డు తడికెలు దించుంటాడా? కాళ్లు తిమ్మిరెక్కాయి. లేచిపోదామనుకుంది. అప్పుడు ఏమైందో ఆమెకే తెలియదు. ఒక్క క్షణం, లోపల ఎవరో మాట్లాడటం ఆపేసినట్టు అయింది. పుట్టినప్పటినుంచీ నడుస్తున్న మిల్లు కరెంటు పోయి ఆగితే, అప్పటిదాకా చప్పుడు ఉందని అప్పుడే తెలిసినట్టు. బయట లారీ హారన్ మోగింది. ఆ హారన్ ఆ నిశ్శబ్దంలోకి వచ్చి, దాన్ని చెడగొట్టకుండా వెళ్లిపోయింది. మోహన కళ్లనుంచి నీళ్లు కారిపోయాయి. దుఃఖం కాదు. తన లోపల ఇంత చోటుందని నలభై ఏళ్లు తనకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత వీలైన ప్రతి పున్నమికీ ఆమె బస్సెక్కింది. చిత్తూరు మీదుగా రేణిగుంట, మళ్లీ సాయంత్రానికి ఇంటికి. ఇంట్లో తెల్లారుజామున, పొయ్యి వెలిగించే ముందు కాసేపు కూర్చునేది. ఎవరి మీదా చాడీలు చెప్పడం మానేసింది. ఇంట్లో దేవుడి పటాల సంగతి వచ్చినప్పుడు మునికుమార్ మొహం మాడ్చుకున్నాడు.

"అవి మా అమ్మ మొక్కిన పటాలు."

"ఉండనీ మావా. నేను మొక్కను. తీసెయ్యను."

మోహనకు మునుపటంత కోపం రావడం లేదని అతను గమనించాడు. పాల చెంబు జారి ఒలికిపోతే ఆమె నవ్వడం చూసి ఒకసారి భయపడ్డాడు కూడా.

* * *

వైశాఖ పున్నమి నాడు శరణు తీసుకోవాలని మోహన నిర్ణయించుకుంది. ఆ రోజు రాజశ్రీ ఇచ్చిన తెల్లచీర కట్టుకుని మిగతావాళ్లతో పాటు వరసలో మోకాళ్ల మీద కూర్చుంది. భంతే ఒక్కొక్క మాట పలికితే అందరూ తిరిగి పలికారు. బుద్ధుణ్ణి శరణు వేడుకున్నారు, ధర్మాన్ని, సంఘాన్ని. మోహన గొంతు అందరి గొంతుల్లో కలిసి రేకుల కప్పుకు తగిలి మళ్లీ తన మీదికే దిగినట్టు అనిపించి ఒళ్లు జలదరించింది.

తర్వాత అయిదు శీలాలు. మొదటిది భంతే పాళీలో పలికి, తెలుగులో అర్థం చెప్పాడు. "ప్రాణం తీయకుండా ఉంటానని మాట తీసుకుంటున్నాను."

వరస అంతా పలికింది. మోహన పలకలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మిగిలిన నాలుగు గట్టిగానే చెప్పింది.

అందరూ భోజనాలకు లేచాక భంతే ఆమెను పిలిచాడు. "మొదటిది అనలేదెందుకమ్మా?"

మోహన తల వంచుకుంది. "మేము పట్టుపురుగులు పెంచుతాము సామీ. ఈ పొద్దు గూడా షెడ్డు నిండా ఉండాయి. ప్రాణం తియ్యనని అంటే అది అబద్దం అయిపోతుంది. అబద్దం ఆడగూడదని నాలుగోది ఉండాది గదా. అందుకని మొదటిది మింగేసినాను."

పక్కనే ఉన్న రాజశ్రీ భంతే కళ్లు తడవడం చూసింది.

"వందల మందికి ఈ శీలాలు ఇచ్చుంటాను. గడగడా చెప్పేసి అన్నానికి లేస్తారు. ఆ మాట కాడ ఆగినోళ్లని నేను చూళ్లేదు తల్లీ," అన్నాడు ఆయన.

"ఇప్పుడు ఏం జెయ్యమంటారు సామీ?"

"పెంచొద్దని నేను చెప్పను. నీ పిల్లల అన్నం అది. నేను వచ్చి నీ పొయ్యి మీద ఎసరు పెట్టను గదా. ఒకటి చెయ్యి. నువ్వు తీస్తా ఉండే ప్రాణం ఎట్లాంటిదో ఒకసారి పూర్తిగా చూడు. చూసినాక నీకే తెలుస్తుంది."

బస్సులో ఇంటికి వస్తూ మోహన ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. పూర్తిగా చూడటమంటే ఏమిటి? పురుగు గురించి తనకు తెలియనిదేముంది? పురుగు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండి, పాత పొర విడవడాన్ని వాళ్ల వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక పురుగు ఆవురావురుమని తింటుంది, తిని తిని పండుతుంది. పండిన పురుగు ఒళ్లు గాజులా మెరుస్తుంది. దాన్ని ఏరి చంద్రిక మీద వేస్తారు. చంద్రికంటే వెదురు బద్దలు చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద తడక. అక్కడ పురుగు తన చుట్టూ తాను గూడు కట్టుకుంటుంది. గూళ్లు ఒలిచి మార్కెట్టుకు తీసుకెళ్తారు. అంతవరకే. ఆ తర్వాత దారం తీసేవాళ్లు గూళ్లను వేడినీళ్లలో ఉడకబెడతారు. పలమనేరులో ఒకసారి ఆ బాణలి దగ్గర నిలబడి ఆ వాసనకు ముక్కు మూసుకుని వచ్చేసింది. గూడులో పురుగు చివరికి ఏమవుతుందో, ఉడకబెట్టకపోతే ఏమయ్యేదో వినడమే తప్ప ఎన్నడూ చూడలేదు. చిల్లు పడ్డ గూడంటే దండగని మాత్రం తెలుసు.

* * *

గూళ్లు ఒలిచే రోజు మోహన మొగుడితో అంది, "మావా, ఒక్క చంద్రిక నాకు ఇడిసిపెట్టు."

"ఏమిటికి?"

"ఒలవొద్దు. అట్లనే ఉండనీ. ఏమొస్తుందో సూడాల."

"ఏమొస్తుంది, చిమ్మటలు వొస్తాయి. గూడు చిల్లు పడి పనికిరాకుండా పోతుంది," అన్నాడు మునికుమార్. తర్వాత ఆమె మొహం చూశాడు. "అయినా మోహనా, ఉడకబెట్టేది మనం గాదు గదా. మనం పెంచేటోళ్లం. బిడ్డల్ని సాకినట్టు సాకుతాము."

"ఉడకబెడతారని తెలిసే గదా మావా సాకేది."

అతను మిగతా గూళ్లన్నీ ఒలిచి బస్తాల్లో వేసుకుని పోయాడు. ఒక చంద్రికను మాత్రం ఇంట్లోకి తెచ్చి వసారా గోడకు ఆనించి పెట్టాడు. దాని కింద పాత పేపర్లు పరిచింది మోహన. రోజూ చూసింది. గూళ్లు తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

ఒక ఉదయం, ఇంకా చీకటి పూర్తిగా విచ్చకముందే, ఆమె ధ్యానానికి లేచి వసారాలోకి వచ్చేసరికి ఒక గూడు కొన మీద తడి మరక కనబడింది. దగ్గరికి వెళ్లి కూర్చుంది. తడి పెద్దదైంది. లోపలి నుంచి ఏదో నెడుతోంది. పట్టు పోగులు ఒత్తిగిల్లి పక్కకు జరిగాయి. ఒక తల బయటికి వచ్చింది. రెండు నల్లటి కళ్లు. దువ్వెనల్లాంటి రెండు మీసాలు. అది కాసేపు ఆగింది, ప్రసవంలో బిడ్డ తల బయటపడ్డాక ఆగినట్టు. మళ్లీ తోసుకుంది. కాళ్లు వచ్చాయి. తర్వాత ఒళ్లంతా ఒక్కసారి జారి, చంద్రిక బద్దను పట్టుకుని వేలాడింది.

మోహన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అది వికారంగా ఉంది. తడిసి, ముద్దగా, రెక్కలు పిండేసిన గుడ్డపేలికల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. చచ్చిపోతుందేమో అనుకుంది. వేలితో సాయం చేద్దామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. ఊపిరి చూస్తూ కూర్చోమన్నాడు గదా భంతే. కూర్చుంది.

రెక్కలు కదిలాయి. లోపలి నుంచి ఏదో పారుతున్నట్టు, ముడతలు ఒక్కటొక్కటే విప్పుకున్నాయి. తూర్పు కిటికీలోంచి వెలుగు పడేసరికి, ఆ పేలికల చోట పాలమీగడ రంగు రెక్కలు, వాటిలో ఆకు ఈనెల్లాంటి గీతలు, మెడ చుట్టూ తెల్లటి నూగు. ఆకు తిని, పెంట వేసి, జ్వరాలు పడి, పాకడం తప్ప ఏమీ ఎరగని ఆ పురుగు లోపలే ఇది ఉంది. తన అరచేతుల మీదుగా లక్షల పురుగులు పోయాయి. ప్రతి పురుగులోనూ ఇది ఉంది.

తల తిప్పి చూసింది. చంద్రిక నిండా తడి మరకలు.

పళ్లు తోముకుంటూ అటు వచ్చిన మునికుమార్ బ్రష్షు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గూళ్లు చిట్లుతున్న సన్నని చప్పుడు వినబడుతోంది. ఒకటి వెనక ఒకటి బయటికి వస్తున్నాయి. ఆరిన మగవి రెక్కలు టపటపలాడిస్తూ గుండ్రంగా తిరిగి ఆడవాటిని వెతుక్కుంటున్నాయి. ఎగరలేవు. కానీ ఆ రెక్కల గాలికి వసారాలో పట్టు నూగు లేచి, ఎండలో మెరిసింది.

అతను వెళ్లి నోరు కడుక్కుని వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. "వీటికి ఏమి పెట్టాల?" అని గుసగుసగా అడిగాడు. గట్టిగా మాట్లాడకూడదని అతనికెందుకో అనిపించింది.

తోటలోకి పోయి లేత ఆకు తెచ్చాడు. చిమ్మటలు దాని మీదుగా నడిచిపోయాయి గానీ ముట్టలేదు. పిల్లపురుగులు అమ్మే మనిషికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చి మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నాడు మావా?"

"ఏమీ తినవంట. వీటికి తినే నోరే లేదంట."

ఇద్దరూ ఆ తెల్లటి జీవాలను చూస్తూ ఉండిపోయారు. తిండి పని అయిపోయిన ప్రాణి ఎలా ఉంటుందో వాళ్లు అంతకుముందు చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగలేదు. ఇద్దరికీ ఆ సంగతే తోచలేదు.

మరునాడు క్యాలెండరు వెనకనుంచి బల్లి వచ్చి ఒక చిమ్మటను నోట కరుచుకుపోయింది. మోహన "అయ్యో" అని లేవబోయి ఆగింది. బల్లిని చంపాలా, తరమాలా? ఎన్నింటిని తరమాలి? తాను ఈ లోకానికి కాపలాదారు కాదు. తన చెయ్యి ఏం చేస్తుందన్నదే తన చేతిలో ఉంది. కూర్చుని బల్లిని కూడా చూసింది. దాని గొంతు కదలడం చూసింది. అదీ ఆశ్చర్యంగానే ఉంది.

చిమ్మటలు పేపర్ల మీద గుడ్లు పెట్టాయి. ఆవాల కన్నా చిన్నవి, వరసలు వరసలుగా. గుడ్లు పెట్టేసి, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు, ఒక్కొక్కటే రెక్కలు వాల్చేశాయి. మోహన వాటిని చేటలోకి ఎత్తి మల్బరీ చెట్ల కింద వేసింది. గుడ్లున్న పేపరు తోటలో కొమ్మకు కట్టింది. చలి తగలందే అవి పగిలి పిల్లలు రావని పిల్లపురుగులు అమ్మే మనిషి చెప్పాడు. చీమలు వచ్చి చాలా మటుకు పట్టుకెళ్లాయి. వాటినీ చూస్తూ ఊరుకుంది.

* * *

అంతా చూశాక మునికుమార్ వెంటనే మారిపోయాడని కాదు. వచ్చే పంటకు పిల్లపురుగులు కావాలని అప్పటికే చెప్పి ఉన్నాడు.

"మావా, నువ్వు పెంచుకో. నేను అడ్డం రాను. నా చెయ్యి మాత్రం పెట్టలేను," అంది మోహన. మొగుడి పని సగం తనదేనని ఆమెకు తెలుసు.

అతను కోపంతో తట్ట విసిరికొట్టాడు. "నీ మాట నువ్వు నిలబెట్టుకో. నా నడుము ఇరగనీ."

ఆ పంట అతనొక్కడే పెంచాడు. కూలి మనిషిని పెట్టుకున్నా చాలలేదు. మోహన వంట చేసింది, గేదెను చూసుకుంది, అతని కాళ్లకు నూనె రాసింది. షెడ్డులోకి మాత్రం పోలేదు. ఆకు ఎక్కువ పడే ఆఖరి మూడు రోజులూ అతను ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు కాళ్లు చాపి, నూనె రాయించుకుంటూ, "పురుగులు పండినాయి," అని మాత్రం అన్నాడు.

మార్కెట్టు నుంచి సాయంత్రం తిరిగి వచ్చినవాడు చొక్కా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు. మోహన చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగలేదు.

"ఏమైంది మావా? రేటు రాలేదా?"

"రేటుకేం. బాగానే పొయినాయి." చెంబు పక్కన పెట్టి అన్నాడు, "కొనేటోడు గూడు తీసి చెవికాడ పెట్టుకుని ఊపి సూస్తాడు గదా, లోపల పురుగు గట్టిపడిందా లేదా అని. నేను గూడా ఊపి సూసినా. గలగలమనింది. పదైదేండ్లుగా ఊపుతానే ఉండా మోహనా. ఆ గలగల ఏందో ఈ పొద్దే ఇనబడింది."

మోహన అతని పక్కన కూర్చుంది.

"ఇంక నాతో గాదు," అన్నాడు మునికుమార్. "నేను మీ బుద్ధుడికి మొక్కను. ఆయన కోసరం గాదు. నాతో గాదు, అంతే."

మల్బరీ సగం పీకి పశుగ్రాసం వేశారు. సగం గేదెలకే కోశారు. ఇంకో గేదె వచ్చింది. పాల డబ్బు చాలనప్పుడు మునికుమార్ పలమనేరు టమోటా మార్కెట్టులో ఆటో తోలాడు. చేతిలో డబ్బు ఇరుకైన మాట నిజం. పిల్లలు సెలవులకు వచ్చి ఖాళీ షెడ్డు చూసి, అమ్మకు ఏదో అయిందని మొదట బెంగపడ్డారు. వారం తిరిగేసరికి ఆమె దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఇంతకుముందు అమ్మ అలా కూర్చుని వినేది కాదు.

కార్తీక పున్నమికి మోహన రేణిగుంట వెళ్లింది. వరసలో మోకాళ్ల మీద కూర్చుంది. భంతే మొదటి శీలం పలికి, ఆమె వైపు చూడకుండానే కాస్త ఆగాడు. మోహన పలికింది. చిన్న మాట. కానీ పలికేటప్పుడు తెల్లటి రెక్కల గాలి మొహానికి తగిలినట్టయింది. చుట్టూ ఉన్న మనుషులు, చాప మీద పాకుతున్న చీమ, బయట లారీ కింద పడుకున్న కుక్క, అన్నీ ఒక్కసారిగా తనకు చుట్టాలైపోయినట్టు, ఆ చుట్టరికం తాను పుట్టకముందునుంచే ఉన్నట్టు తోచింది. భయం వేసేంత ఆనందం కలిగింది. రాజశ్రీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. భోజనాలకు లేచేదాకా తియ్యలేదు.

* * *

ఊళ్లో అందరూ ఇంకా పురుగులు పెంచుతూనే ఉన్నారు. పక్కింటి గ్రేసీ కూడా. పురుగులు పండిన రోజు ఏరడానికి ఎన్ని చేతులున్నా చాలవు. ఒకరి ఇంటికి ఇంకొకరు బదులు పోవడం అక్కడి పద్ధతి. గ్రేసీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మోహనక్కా, నువ్వు రావని తెలుసు. అయినా అడగాలి గదా. మీ ఇంటికి ఎన్నిసార్లొచ్చినాను నేను."

ఆ మాట నిజం. మోహనకు తలదించుకోవలసి వచ్చింది. "ఏరేదానికి రాలేను గ్రేసీ. నీ బాకీ ఉండానని తెలుసు. మీ పొయ్యి నాకు ఇడిసిపెట్టు. వచ్చినోళ్లందరికీ నేను వొండి పెడతా."

గ్రేసీకి కోపమో నవ్వో తెలియలేదు. "మీ బుద్ధుడు ఒప్పుకుంటాడా?"

"తెల్దు. అలిసిపోయినోళ్లకి అన్నం పెట్టొద్దని అంటాడా?"

ఆ రోజంతా మోహన గ్రేసీ ఇంటి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద రాగి సంగటి కెలికింది, వేరుశనగ చట్నీ నూరింది, పప్పు వండింది. పనివాళ్లు వంతులవారీగా వచ్చి తిని పోయారు. ఒకరిద్దరు ఎగతాళి చేశారు. ఒక ముసలాయన రెండోసారి సంగటి వేయించుకుని, "ఏ మతమైతేనేం, చెయ్యి మంచిది," అన్నాడు.

పొద్దు వాలాక మోహన తన షెడ్డులోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడక్కడ తడకలు లేవు, ఒక చాప మాత్రమే. కళ్లు మూసుకోబోతుంటే గుమ్మం దగ్గర అలికిడైంది. గ్రేసీ, చేతులింకా పురుగుల వాసనతోనే.

"అక్కా, ఈడ ఏం జేస్తావు ఒంటిగా?"

"ఏమీ జెయ్యను. కూర్సుంటా."

గ్రేసీ కాసేపు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "నా కాళ్లు పీక్కపోతా ఉండాయి. కాసేపు కూర్సుంటా. నాకు మంత్రాలేమీ సెప్పొద్దు."

"సెప్పను," అంది మోహన, చాప మీద పక్కకు జరిగి.

ఇద్దరూ కూర్చున్నారు. బయట గేదె నెమరు వేస్తోంది. ఎక్కడో బోరుమోటారు ఆగిపోయింది. ఆ ఆగిన చోట ఎంత పెద్ద నిశ్శబ్దం ఉందో గ్రేసీకి కూడా తెలిసినట్టుంది. ఆమె ఊపిరి పెద్దగా, నిదానంగా, ఒకసారి తీసి వదిలింది.